అత్తమ్మ పొదిగించిన నల్లపిల్లలు

ఆ సాయంత్రం మా అత్తమ్మ సుమిత్రమ్మ తాండూరు ఇంటి వాకిట్లో కోళ్లను గంప కింద కమ్మి, పైన నాపరాయి ముక్క పెట్టింది. పిల్లి రాకుండా రోజూ చేసే పనే. కాళ్లు కడుక్కుని వచ్చి, ఒళ్లు కాస్త వెచ్చగా ఉందని పడుకుంది. తెల్లారి మామ లేపబోతే లేవలేదు.

ఆమె మోమిన్‌పేట్ దిక్కు గొర్ల కాపరుల ఇంటి ఆడపిల్ల. పెళ్లయి వచ్చాక తాండూరు పప్పు మిల్లులో కందిపప్పు ఏరే పనికి కుదిరింది. ఏరి ఏరి నడుము పట్టేసినా నవ్వించే మాట మాత్రం మానలేదు.

పెళ్లయిన రెండో ఏడు నా వేళ్ల మీద తెల్లమచ్చలు మొదలై మణికట్టు దాకా పాకాయి. ఒక పెళ్లిలో నేను చాయ్ ఇయ్యబోతే, చుట్టాలామె నా చేతులు చూసి వద్దంది. అత్తమ్మ ఆ గ్లాసు అందుకుని, "నీకు వద్దా? మంచిదాయె, నాకు రెండు దొరికె" అని ఆమె ఎదురుగానే కూర్చుని తాగింది.

నేను కడుపుతో ఉన్నప్పుడు బెంగ పట్టుకుంది. బిడ్డకు కూడా వస్తే? మేముండే వికారాబాద్‌లో డాక్టరును అడిగితే, ఇది అంటుకునేది కాదు, పిల్లలకు చాలావరకు రాదు, కానీ అస్సలు రాదని మాత్రం చెప్పలేనన్నాడు. ఆ చివరి మాటే నా చెవిలో నిలిచిపోయింది. అన్నం సయించలేదు. మా ఆయన ఈశ్వర్ ఫోన్లో వాళ్లమ్మకు చెప్పాడు.

అత్తమ్మ దగ్గర ఒక పొట్టికోడి ఉండేది. పావురం కన్నా కొంచెం పెద్దది, అంతే. ఒళ్లంతా నలుపు, ఈకల కొసలకు తెల్లచుక్కలు. ఏటా ఈకలు రాల్చి కొత్తవి వేసుకున్నప్పుడల్లా తెలుపు ఇంకాస్త ఎక్కువయ్యేది. దాన్ని పక్కింటి యాదమ్మ వాళ్ల నల్ల పొట్టిపుంజుతో కలిపి, గుడ్లు పొదగేసింది. పిల్లలు దిగిన రోజు నాకు ఫోన్ చేసి, పొట్ట కింద తెలుపు ఉందిగానీ అది నల్లపిల్లలకూ ఉండేదే, ఈకలు రానీ చూద్దామంది. కొన్నాళ్లకు ఒక పిల్లను చేతిసంచిలో పెట్టుకుని రైలెక్కి వచ్చింది. నా పక్కన కూర్చుని దాని రెక్క విప్పి చూపించింది. ఒక్క చుక్క లేదు.

"చూడు అంజలీ, అన్నీ గిట్లనే. తల్లి మచ్చ ఒక్కదానికి గూడ రాలే. జర తిను ఇగ."

కోడి ఈకల రంగుకూ మనిషి చర్మం మీది మచ్చలకూ పొత్తు లేదని నాకు తెలుసు. అయినా ఆ నల్లటి రెక్క పట్టుకుని చూశాక, ఆ పూట కడుపునిండా తిన్నాను.

పాప పుట్టింది. ఒంటి మీద ఏమీ లేదు. కానీ నాకు వచ్చినట్టే దానికీ పెద్దయ్యాక రావచ్చు గదా అని, స్నానం చేయించినప్పుడల్లా వేలు వేలూ వెతికేదాన్ని. అత్తమ్మ చూసి, "పప్పు ఏరినట్టు ఏరుతున్నవేందే పిల్లను" అనేది.

మరుసటి ఏడు ఆ నల్లపిల్లలే పెరిగి, వాటిలో వాటికే పిల్లలయ్యాయి. ఏ రంగని ఫోన్లో అడిగాను. నల్లయే అంది. పండక్కి తాండూరు వెళ్తే వాకిట్లో నల్లవే తిరుగుతున్నాయి. నా మనసు కుదుటపడింది.

ఆమె పోయాక ఒకసారి మోమిన్‌పేట్‌లో ఆమె తమ్ముడు బీరప్ప మామ ఇంటికి వెళ్లాం. అక్కడ దొడ్డిలో చుక్కల పొట్టికోళ్లు రెండు మేస్తున్నాయి. ఎక్కడివని అడిగాను. బీరప్ప మామ భార్య భాగమ్మ కాసేపు నసిగి, మీ అత్త తెచ్చినవే అంది. ఆ నల్లకోళ్లకే పుట్టాయట. చుక్కలు తేలగానే బస్సెక్కి వచ్చి వదిలిపెట్టి, "అంజలికి కనవడనియ్యకుండ్రి" అని చెప్పి, కూర్చోమన్నా కూర్చోకుండా తిరుగు బస్సుకు పోయిందట.

నల్లవాటికి చుక్కలవి ఎట్లా పుట్టాయని అడిగాను. బీరప్ప మామ గొర్లకు నీళ్లు పెడుతూ చెప్పాడు.

"మా మందల గూడ అంతే. నల్ల పొట్టేలుకు మచ్చల గొర్రెను కలిపితే పిల్లలు నల్లగనే వడ్తయ్. మచ్చ ఏడికి పోదమ్మా, నెత్తుట్ల దాగుంటది. గా పిల్లలకు పిల్లలైతే అండ్ల ఒకటో రెండో మచ్చలయి వడ్తయ్."

అత్తమ్మకు ఈ సంగతి తెలుసా అని అడిగాను.

పెళ్లి కాకముందు, ఏ గొర్రెకు ఏ పొట్టేలును కలపాలో వాళ్ల నాయన ఆమెనే అడిగేవాడట.