కృపాదానం డాక్టరుగారి ఏకైక ముద్దాయి

లోకంలో ఏది చెడిపోయినా మెగ్నీషియం తగ్గడం వల్లేనని నమ్మే మనిషి జంషెడ్‌పూర్ మొత్తానికి ఒక్కరే ఉన్నారు. ఆయన ఐసీయూ డాక్టరు కృపాదానం గారు.

క్యాంటీన్ సమోసా మెత్తబడిందా, మెగ్నీషియం! సాక్చి బజారు నడుమ ఆటో మొరాయిస్తే డ్రైవరు భుజం తట్టి, "ఇస్‌కా భీ మెగ్నీషియం కమ్ హై భాయ్!" అన్నారు. నర్సు స్టెఫీని చూడ్డానికొచ్చిన పెళ్లికొడుకు నోరు విప్పలేదని తెలిసి, "అయ్యో, ముందు రక్తపరీక్ష చేయించాల్సింది కదమ్మా!" అని రోజంతా బాధపడ్డారు.

స్టెఫీ ఈ ఊళ్లోనే, సిద్ధగోరా పేటలో పుట్టి పెరిగిన పిల్ల. ఆయన తెలుగులో అడిగితే ఆమె హిందీలో చెబుతుంది. పొద్దున్నే గుడ్ మార్నింగ్‌కి బదులు ఆయన "మెగ్నీషియం పరీక్షకి పంపించేవేటమ్మా?" అంటారు. "భేజ్ దియా సర్!" అంటుంది ఆమె. ఆపైన అది ఒంట్లోంచి ఎందుకు జారిపోతుందో ఉపన్యాసం మొదలు. మోషన్లయితే పోతుంది, నీరు తీసే మాత్రలతో పోతుంది, తాగుడుతో పోతుంది... టిఫిను తింటున్నవాళ్లు టిఫిను వదిలేసి పారిపోతారు. డ్యూటీలో ఉన్న స్టెఫీకి పారిపోయే వీలు లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం బర్మామైన్స్ బస్తీ నుంచి చిలకమ్మని తీసుకొచ్చారు. రోజుల తరబడి మోషన్లయి మనిషి వడలిపోయింది. మానిటర్ మీద గుండె గీతలు పిచ్చెత్తినట్టు గంతులేస్తున్నాయి. పొటాషియం ఎక్కిస్తున్నా పెరగడం లేదు.

"నహీఁ బఢ్ రహా సర్!" స్టెఫీ కేకేసింది.

"ఎలా పెరుగుతాదమ్మా? మెగ్నీషియం లేకపోతే పొటాషియం ఒంట్లో నిలవదు. ఎక్కించు మెగ్నీషియం! జల్దీ!"

ఎక్కించింది. చూస్తుండగానే గంతులు తగ్గాయి, గీతలు బుద్ధిగా వరసలో పడ్డాయి. వెనకే వచ్చిన రిపోర్టులో మెగ్నీషియం నిజంగానే అడుగంటి ఉంది! డాక్టరుగారు ఆ కాగితం ఊపుతూ చిన్నపిల్లాడిలా గెంతారు. స్టెఫీ కూడా గెంతింది.

బయట మాత్రం పంచాయితీ నడుస్తోంది. మనవాళ్లలో ఒకరు ఐసీయూలో పడితే, బెంచీల మీద కూర్చున్న చుట్టాలు తప్పెవరిదో తేల్చకుండా లేవరు. చిలకమ్మ చెల్లెలు వరహాలమ్మ అక్క కోడలి మీదికి వేలు చూపించింది.

"అన్నేసి దినాలు మోసన్లవుతుంటే మజ్జిగిచ్చి కూకున్నావేటే కల్యాణీ? మా అక్కని సంపేద్దారనుకున్నావేటి? ఇంక ఆ ఇంట్లో నీకు సోటు నేదు!"

"తగ్గిపోతాదనుకున్నాను చిన్నత్తా..." కల్యాణి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

డాక్టరుగారు తలుపు తోసుకుని వచ్చారు. "బతికింది! గుండె కుదురుకుంది!"

"ఎవులి తప్పు డాక్టరుబాబూ? అది సెప్పండి," నిలదీసింది వరహాలమ్మ.

ఆయన వెనకే ఉన్న స్టెఫీ కల్యాణి వైపు చూసింది. ఇప్పుడు ఉపన్యాసం వస్తుంది, అందులో మొదటి మాటే మోషన్లు. కల్యాణి పని అయిపోయినట్టే.

"మెగ్నీషియానిది!" గర్జించారు డాక్టరుగారు. "దొంగవెధవ, చెప్పాపెట్టకుండా పడిపోయాడు!"

అంతే. ఎందుకు పడిపోయిందో ఒక్క ముక్క చెప్పలేదు. వెళ్తూ వెళ్తూ కల్యాణి దగ్గర ఆగి, "ఈసారి మోషన్లయితే రెండోరోజే తెచ్చెయ్యమ్మా. ఇప్పుడెళ్లి టీ తాగు," అన్నారు మెల్లిగా.

"కారణ్ క్యోఁ నహీఁ బతాయా సర్?" లోపలికి రాగానే అడిగేసింది స్టెఫీ.

"చెబితే ఆ పిల్లని ఇంట్లో ఉండనిత్తారేటమ్మా? ఎవర్నో ఒకర్ని తిట్టందే వీళ్లకి మనసు కుదుటపడదు. మెగ్నీషియానికి అత్తా లేదు, ఆడపడుచూ లేదు. ఎంత తిట్టినా పడతాది."

ఇన్నేళ్లలో ఆ బెంచీల దగ్గర ఆయన ఉపన్యాసం ఎన్నడూ వినలేదని స్టెఫీకి అప్పుడు తట్టింది. నవ్వొచ్చింది, ఆయన మీద ప్రేమా వచ్చింది. తలుపు అద్దంలోంచి తొంగి చూసింది.

వరహాలమ్మ కల్యాణిని పక్కన కూర్చోబెట్టుకుని వీపు రాస్తోంది. "నీదేటి తప్పు నేదులే గుంటా, ఏడవకు. ఆ మెగ్నీసంగాడు కంటబడనీ, సెప్పుచ్చుకు కొడతాను!"