నడుస్తున్న వాచీకి తనిఖీ

1986 జూన్‌లో నీటిపారుదల శాఖ నన్ను పట్టిసీమకు ఎగువనున్న ఒక గేజి స్టేషనుకు మెకానిక్‌గా వేసింది. గేజి స్టేషనంటే గోదావరి నీటిమట్టం కొలిచే చోటు. కీ ఇచ్చిన గడియారం ఒక డ్రమ్మును మెల్లగా తిప్పుతుంటే, దానికి చుట్టిన గ్రాఫు కాగితం మీద పెన్ను నీటిమట్టాన్ని గీస్తుంది. గడియారం ఆగిందా, వరద ఏ వేళకు ఎంత పెరిగిందో తెలియదు. అందుకే మెకానిక్ బాగుచేసిన గడియారాన్ని సూపర్‌వైజర్ మళ్ళీ విప్పి చూసి సంతకం పెడితేనే పాసైనట్టు. ఏటి ఒడ్డున తేమ కాబట్టి నూనె ధారాళంగా వేసేవాళ్ళం.

తీరిక వేళల్లో స్నేహితుల చేతి గడియారాలు విప్పే సరదా నాకు అక్కడే పట్టుకుంది. సూపర్‌వైజరయ్యాక అది అటకెక్కింది. మూడేళ్ళ క్రితం రిటైరై రాజమహేంద్రవరంలో స్థిరపడ్డాక ఆ పాత పనిముట్ల పెట్టె దించాను.

మా ఆవిడ సత్యవతి నరసాపురం మనిషి. పదేళ్ళ వయసు నుంచీ లేసు అల్లిన చెయ్యి. మా వీధిలో ఉండే రిటైర్డు లెక్కల మాస్టారు సుబ్బారాయుడుగారు తన పాత కీ వాచీ తెచ్చినప్పుడు, లోపల హెయిర్ స్ప్రింగ్ చిక్కుపడి ఉంది. వెంట్రుకంత సన్నని ఆ తీగచుట్ట ముడుచుకుని విచ్చుకునే తీరు మీదే టైమంతా ఆధారపడుతుంది. నాలుగు రోజులు కుస్తీ పట్టాను. లాగినకొద్దీ చిక్కు ఇంకా బిగిసింది.

“ఓసారి ఇలా ఇవ్వండి, దారం చిక్కులాగే ఉంది కదా,” అంది సత్యవతి. నా కాఫీ చల్లారేలోపు విడదీసింది.

మాస్టారు వచ్చి చూసి, “మీరు కూడా అమ్మగారి దగ్గర నేర్చుకోండి సార్,” అన్నారు. వేళాకోళమే. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఒక రోజు ట్రయల్ నడిపి ఇస్తామని ఆయన్ని పంపేశాను. ఆ సాయంత్రమే పక్కింటివాళ్ళు ఇంకో వాచీ పట్టుకొచ్చి, నేను వాకిట్లోనే ఉండగా, “అమ్మగారున్నారాండీ?” అని అడిగారు.

మర్నాడు ఆవిడ కూరగాయలకు వెళ్ళగానే మాస్టారి వాచీ విప్పాను. తనిఖీ అని నాకు నేను చెప్పుకున్నాను. తప్పు దొరుకుతుందని ఆశపడ్డాను. దొరకలేదు. ఊరికే మూసెయ్యడానికి మనసొప్పక, నా ముద్ర ఏదో ఒకటి ఉండాలన్నట్టు, గేజి గడియారానికి వేసే అలవాటు కొద్దీ ఒక చుక్క నూనె వేశాను. చేతి గడియారానికి అది వరదే.

ఆ సాయంత్రం వాచీ పట్టుకెళ్ళిన మాస్టారు మూడో రోజు దాన్ని తిరిగి తెచ్చారు. “పూటకి అరగంట ముందుకి పరిగెడుతోందమ్మా,” అన్నారు. సత్యవతి కంటికి భూతద్దం పెట్టుకుని చూసింది. నూనె పాకి తీగచుట్టలు ఒకదానికొకటి అంటుకుపోయాయి.

“నేనే ఏదో చేసుంటానండి మాస్టారూ. తెలీని పనిలో వేలు పెట్టాను. ఇంక వీటి జోలికి రానండి,” అని భూతద్దం తీసి నా ముందు పెట్టింది.

ఆ మాటకు నాకు హాయిగా అనిపించింది. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ జరిగింది అదే. మాస్టారు వాచీ జేబులో వేసుకుని గుమ్మం దాకా వెళ్ళారు. ఆవిడ పక్కింటివాళ్ళ వాచీ కూడా తిరిగిచ్చెయ్యడానికి పొట్లం కడుతోంది. అది చూసి ఇక ఉండబట్టలేక, నూనె వేసింది నేనని ఇద్దరికీ వినబడేలా చెప్పాను.

“అప్పటికి బాగానే నడుస్తోంది కదండీ, ఎందుకు విప్పారు?” అంది.

తనిఖీకి అన్నాను.

“ఏం తప్పు కనబడింది?”

ఏమీ లేదన్నాను. ఆవిడ భూతద్దం మళ్ళీ అందుకుంది. మాస్టారి దగ్గర వాచీ తీసుకుని, స్ప్రింగును పెట్రోలులో కడిగి ఆరబెట్టింది. మర్నాటికి వాచీ టైము సరిగ్గా చూపించింది.

నడుస్తున్న గడియారాన్ని విప్పేవాడు ముందు కారణం చెప్పగలగాలి. నాకు తెలిసొచ్చింది ఇంతే. సూపర్‌వైజరుగా ఉన్నన్నాళ్ళూ కింది మెకానిక్కులు బాగుచేసిన గడియారాలు విప్పి చూశాను. నిబంధన ఉంది కాబట్టి ఎందుకని ఎవరూ అడగలేదు. వాటిలో కొన్ని, నాకంటే బాగా చేశాడన్న ఉక్రోషంతో రెండోసారీ మూడోసారీ విప్పినవే. అవి ఎవరెవరు బాగుచేసినవో నాకు పేర్లతో సహా గుర్తుంది.