నాలుక మీద ఎరువు

గండిపేట చుట్టూ సాఫ్ట్‌వేర్ వాళ్ల ఇళ్లు లేస్తున్న ఆ రోజుల్లో, మట్టిని సంచిలో పోసి అమ్మినా కొనేవాళ్లుంటారన్న సంగతి మా చేవెళ్ల కిరాణా దుకాణం వంశంలో మొదట కనిపెట్టింది నేనే (అని అప్పట్లో గట్టిగా నమ్మేవాణ్ణి). మొయినాబాద్ రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేయించి కుండీలు, కొబ్బరిపొట్టు, వేపపిండి నింపాను. బాపు ఒక్కటే షరతు పెట్టాడు. "మన ఇంట్లకు గుడ్డు గూడ రాదు. నీ షెడ్డుల గసొంటిదేమన్న కనవడితే గా దినమే తాళమేస్త." నేను నవ్వాను. మొక్కల దుకాణంలో గుడ్డుకేం పని?

తెరిచే ముందురోజు నాయనమ్మ చూడ్డానికి వచ్చింది. దుకాణంలోకి ఏ బస్తా దిగినా చిటికెడు తీసి నాలుక మీద వేసుకోనిదే లోపల పెట్టకపోవడం మా ఇంటి అలవాటు. పప్పు కొత్తదో పాతదో నాయనమ్మ నాలుకే తేల్చేది. ఇక్కడా ఆమె "ఇదేందిరా, అదేందిరా" అంటూ సంచులన్నీ విప్పించింది. వేపపిండి వేసుకుని "అసలుదే" అంది. కొబ్బరిపొట్టు నోట్లో ఉబ్బితే ఉమ్మేసింది. నేనూ వారసుడిలా ప్రతిదీ రుచి చూస్తూ ఆమె వెనకే నడిచాను. చివరికి ఒక తెల్లపొడి సంచి వచ్చింది. పూలకు బలమని టోకు వ్యాపారి పంపాడు, దేనితో చేస్తారని నేను అడగలేదు. ఇద్దరం చెరో చిటికెడు వేసుకున్నాం.

"రుచేం లేదు గని, మంచిగ మెత్తగ విసిరిన్రు," అంటూ నాయనమ్మ ఇంకో చిటికెడు తీసింది.

కుండీలు సర్దడానికి ఆలూరు నుంచి కూలికి వచ్చిన అన్న అప్పుడు తలెత్తాడు. "అది తినేది గాదవ్వా. బొక్కల పొడి."

నేను నాలుక మీద వేసుకున్నది పశువుల ఎముకలు. దానికంటే బాపు వేయబోయే తాళం ఎక్కువ భయపెట్టింది. నాయనమ్మ బయటికి వెళ్లి చెంబెడు నీళ్లతో పుక్కిలించింది, మళ్లీ ఇంకో చెంబు అడిగింది. తిరిగొచ్చి సంచి మూతి తానే బిగించి కట్టింది.

"బాపుకు..." అన్నాను.

"మీ బాపుకెందుకు చెప్పుడు. పూలు పూస్తయా దీనితోని?"

"పూస్తయంటున్నరు."

"అయితే ఉండనియ్యి. పూసినంక నాకు రెండు తెచ్చియ్యి."

కొన్నాళ్లకు మా కుండీలో పూసిన మొదటి గులాబీలు ఆమెకే ఇచ్చాను. ఆమె దేవుడికి పెట్టి, ఒకటి బాపు చేతిలో పెడితే ఆయన భక్తిగా కళ్లకద్దుకున్నాడు. నాయనమ్మ నా వైపు చూడకుండా గంట మోగించింది.

ఇప్పటికీ కొత్త సంచి విప్పితే నా చెయ్యి నోటిదాకా వెళ్లి ఆగుతుంది. సరుకు మంచిదో కాదో పక్కనున్న ఎవరినైనా అడగాలనిపిస్తుంది. అడిగితే ఇప్పటివాళ్లు సంచి మీద అచ్చు చదివి చెబుతారు.