సింగపూర్ పుట్టినరోజుకి నా డబ్బింగ్

అమ్మ అరవయ్యో పుట్టినరోజు సింగపూర్‌లో జరిగింది. అక్కా బావా తీసుకెళ్లారు. ఇక్కడ ఓ హీరోయిన్‌కి డబ్బింగ్ చెప్పే పని ఉండి నేను ఆగిపోయాను. ఆ భోజనం వీడియో చూద్దాం రమ్మని ఈ రోజు ఫిల్మ్ నగర్‌లో వాళ్లింటికి పిలిచారు. వెళ్లకుండా ఉండాల్సింది.

టీవీలో అమ్మ కొత్త పట్టుచీర కట్టుకుని, నూడుల్స్ పక్కకు నెట్టి, మా చిన్నప్పటి కథలేవో చెబుతోంది. అక్క కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. మాట మాత్రం ఒక్కటీ వినిపించదు. బావ సినిమా కెమెరామన్. వీడియో కెమెరాలో అసలు మైకే ఆన్ చేయలేదు.

"షూటింగ్‌లో మాటల సంగతి మేం పట్టించుకోంగా! నువ్వున్నావు కదమ్మా, డబ్బింగ్ చెప్పెయ్" అన్నాడు బావ.

కడుపుమంట ఎలాగూ ఉంది. తెర మీద అమ్మ పెదాలు చూస్తూ అందుకున్నాను.

"నా చిన్న కూతురు పక్కన లేకుండా నాకు ముద్ద దిగడం లేదే!"

పెదాలకి మాట అతికినట్టు సరిపోయింది. అక్క మొహం మాడిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పటిదాకా సోఫాలో కూర్చుని జీడిపప్పు నములుతున్న అమ్మ అప్పుడు నోరు విప్పింది.

"బాగానే కుదిరింది గానీ, నేనన్నది అది కాదే. 'చిన్నది రాకపోవడమే మంచిదైంది, వస్తే ఈ కథ నన్ను చెప్పనిచ్చేదా' అన్నాను."

శ్రీనగర్ కాలనీలో మా ఇంటికొచ్చి గంటైంది. ఆ కథేమిటో అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. మీరే చెప్పండి, నేను అంత మాట్లాడతానా?