అన్న చేతిలో పిడి

మా ఫైబర్ పడవకి కొత్త ఇంజన్ బిగించిన రోజున, కావలి నుంచి వచ్చిన మెకానిక్ మా అన్నదమ్ములిద్దర్నీ ఎక్కించుకుని జువ్వలదిన్నె సముద్రంలో నడిపి చూపించినారు. ఆ సాయిబు గారు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. వేగం పెంచే ఇంజన్ పిడి మెల్లగా తిప్పినారు. పడవ ముక్కు పైకి లేచి, వేగం అందుకోగానే కిందికి దిగి నీళ్ల మీద సమంగా పోయింది. అప్పుడు పిడి కొంచెం వెనక్కి తిప్పినారు. వేగం తగ్గలేదు, రొద తగ్గింది, పెట్రోలు కూడా మిగుల్తుందన్నారు. వలలన్నీ వెనకే కుప్పెయ్యొద్దనీ, అల ఎదురైతే ముందే వేగం తగ్గించి, దాటినాక మళ్లీ ఇమ్మనీ చెప్పినారు.

నేను విన్నాను. అన్న నవ్వినాడు. మరుసటి రోజు నుంచే పిడి తిరిగినంతా తిప్పేసేవాడు. వద్దంటే, "ఇంజన్ కొన్నది నిద్రపోవడానికా?" అనేవాడు.

ఒక మధ్యాహ్నం వేట ముగించుకుని వస్తున్నాము. గాలి ఎక్కి అలలు లేచినాయి. నాయన ముందు పలక మీద కూర్చోనుండాడు. పక్క పడవ మమ్మల్ని దాటిపోయేసరికి అన్నకి రోషం వచ్చింది. మెల్లగా పోనిమ్మని నాయన చెయ్యి ఊపినాడు, నేను అరిచినాను. అన్న మా వైపు చూడను కూడా లేదు. పడవ అల మీద నుంచి ఎగిరి దబ్బున పడింది. నాయన పైకి ఎగిరి, నడుం పలక అంచుకి తగిలి కూలబడినాడు. ఊపిరి అందక నోరు తెరిచినాడు.

నేను వెనక్కి పోయి అన్న చెయ్యి పిడి మీద నుంచి లాగేసినాను.

"మళ్లీ ముట్టుకున్నావంటే సముద్రంలోకి తోస్తా" అన్నాను.

పెద్దవాడని చూడలేదు. వలలు మధ్యకి లాగమన్నాను, లాగినాడు. ప్రతి అలకీ తగ్గించి, దాటినాక ఇచ్చుకుంటా ఒడ్డుదాకా నేనే తెచ్చినాను. కూలబడిన చోట నాయన ఒక్కసారి కూడా ఎగిరిపడలేదు. అది చూసే కొద్దీ నా కోపం పెరిగింది. ఇంత సులువైన పని. ఆ మాత్రం చెయ్యడానికి అన్నకేం అడ్డం?

నడుం ఎముక చిట్లిందన్నాడు డాక్టరు. నాయన మళ్లీ వేటకి రాలేదు. అడిగిన వాళ్లందరికీ అన్న "అల కొట్టింది" అని చెప్పినాడు. నాయన కూడా ఔనన్నాడు. ఆ అబద్ధానికి ఇద్దరి మీదా నాకు ఒళ్లు మండింది.

ఇప్పుడు అన్న పద్ధతిగానే నడుపుతాడు. పెట్రోలు ఎట్లా మిగుల్తుందో తోటివాళ్లకి చెప్తాడు, తనే కనిపెట్టినట్టు. మొన్న హార్బర్లో అది వింటా నిలబడినాను. నాయన ఎట్లుండాడని ఎవరో అడిగితే, "బాగానే ఉండాడు" అన్నాడు. నేను అక్కడ్నుంచి వచ్చేసినాను. ఇంకొంచెంసేపు ఉంటే నా చెయ్యి ఊరుకునేది కాదు.