తలాతో కల్లు మడ్డి

ఆఫ్రికాలోని వాగడూగు ఊళ్ళో జొన్నకల్లు కాచే ఆడవాళ్ళందరిలోకీ తలాతో అనే ఆవిడంత అనుమానప్పక్షి ఇంకోతి లేదు. కల్లు బుర్ర అందుకున్నవాడు రెండుసార్లు చప్పరించాడా, "ఏం కనిపెడదామని?" అని కసిరేది.

దాచుకోడానికి సరుకూ ఉందిలెండి. కల్లు పొంగాలంటే పాత కుండ అడుగు మడ్డి కలపాలి. అది ప్రాణమున్న పులుపు, వేడి తగిలితే చస్తుంది. తలాతో మడ్డేమో చనిపోయిన వాళ్ళమ్మ చేతి నుంచి వచ్చింది. ఆ పులుపు ఊళ్ళో ఇంకెవరి కల్లుకీ లేదు. అందరూ మడ్డిని మిద్దెమీద ఎండబెట్టి నాలుగు చోట్ల దాచుకుంటే, ఈవిడ ఒక్క ముంతలో పోసి మంచం కింద పెట్టుకునేది.

వీధి వీధంతా వెళ్తోందని ఆడవాళ్ళ వ్యాపార శిక్షణకి తనూ వెళ్ళింది. అక్కడి మేడమ్ ఇద్దరిద్దర్ని జత కట్టింది. "ఒకరి మడ్డి ఒకరింట్లో ఉంచుకోండి. ఒకరిది పాడైతే రెండోవాళ్ళ దగ్గర బతికుంటుంది."

తలాతోకి పడిన జత ఎదురింటి ఓడిల్. ఆవిడా కల్లే అమ్ముతుంది.

'ఓహో, ఇదా సంగతి! అమ్మ సొమ్ము కాజేద్దామని ఇంత నాటకమా?' అనుకుంది తలాతో. ఇంటికెళ్ళి డబ్బాడు మడ్డి తీసి, కుతకుతా ఉడకబెట్టి, చల్లార్చి ఓడిల్ చేతిలో పెట్టింది. ఓడిల్ ఇచ్చినది ఏం కలిపిందో ఏమోనని మురుక్కాలవలో పారబోసింది. ఆ తర్వాత ఓడిల్ ఎప్పుడు నవ్వినా, తెలిసిపోయిందేమోనని ఈవిడకి అనుమానమే.

వానాకాలంలో ఓ చావింటికి ఆరు కుండల కల్లు ఒప్పుకుంది. కాచిన జొన్ననీళ్ళు ఇంకా సలసలమంటూనే ఉన్నాయి. గోడమీంచి ఎవరో తొంగిచూసినట్టయింది. అంతే, ముంత కనబడకూడదని గబగబా మడ్డంతా అందులోనే ఒంపేసింది. తెల్లారేసరికి ఒక్క బుడగ లేదు.

ఎదురింటికి పరిగెత్తింది. "వదినా, నా మడ్డి చచ్చిపోయింది. నీది కాస్త ఇవ్వవూ?"

జొన్నలు ఆరబోస్తున్న ఓడిల్ తలెత్తలేదు. "నాకిచ్చినప్పుడే చచ్చిందిగా! మూడుసార్లు వేసి చూశానమ్మా, నా చేతి దోషమేమోనని. తర్వాత వాసన చూస్తే తెలిసింది, ఉడకబెట్టిందని."

తలాతో మొహం మాడిపోయింది. "మరి మేడమ్‌కి చెప్పలేదేం?"

"చెబితే నువ్వు మళ్ళీ ఆ శిక్షణ గడప తొక్కుతావా?" అంటూ లోపలికెళ్ళి డబ్బా తెచ్చిచ్చింది.

అప్పుడైనా బుద్ధుండాలా! మూత తీసి వాసన చూసింది. "దీన్ని ఉడకబెట్టలేదు కదా?"

"నీలాగానా?" అంది ఓడిల్. నవ్వలేదు.

ఆ మడ్డి కలిపాక సాయంత్రానికి ఆరు కుండలూ నురగలు కక్కాయి. తలాతో ఓ గుక్క తాగి చూసింది. బాగానే ఉంది, కానీ ఓడిల్ కల్లు. ఆనాడు ఓడిల్‌కి బతికున్న మడ్డే ఇచ్చి ఉంటే, అమ్మ పులుపు ఈపాటికి ఎదురింట్లో పొంగుతూ ఉండేది. అమ్మని తన చేత్తోనే చంపుకున్నానని ఆ కుండల పక్కనే కూలబడి ఘొల్లుమంది.