చెల్లె పెళ్లిచూపులకు ఎదురు దుకాణంలో నేను

నూరు గజాల అవతల నుంచి మనిషి పెదవులు చూసి మాట చదవగలవాడు సూరత్ మొత్తంలో నేనొక్కణ్నే. నలభై ఏళ్లు సాంచెల కార్ఖానాలో, అంటే మరమగ్గాల మీద, బట్ట నేశాను. ఆ మోతలో ఎంత అరిచినా పక్కవాడికి వినపడదు. అందుకని మేం పెదవులతో, సైగలతో మాట్లాడుకుంటాం. ఈ విద్యను మా చెల్లె మీద ప్రయోగించాను.

చెల్లెకు యాభై ఆరేళ్లు. మొగుడు పోయి పదేళ్లయింది. సూరత్ శివారు ఉన్‌లో నా ఇంట్లో ఉంటూ చీరలకు రాళ్లు అంటించేది. తనకొచ్చిన సంబంధాలు నలభై చెడగొట్టాను. సరే, నలభై కాదు, రెండు. మొదటాయనతో మా చెల్లెకు కోపం ఎక్కువని చెప్పాను. రెండో ఆయనతో ఆమెకు మూర్ఛలొస్తాయని చెప్పాను. ఆ రెండోది తలుచుకుంటే ఇప్పటికీ తల దించుకుంటాను.

మూడోది నాకు చెప్పనే లేదు. "కిమ్‌ల తెలిసినామె కాడికి పోయొస్త. నా ఎంబడి రాకు. ఒట్టెయ్యి" అంది. తెలిసినామెను చూడడానికి అంత మంచి చీర ఎందుకు? నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేసి, ఉధ్నా స్టేషన్లో ఆమె వెనక రైలు డబ్బాలో ఎక్కాను.

కిమ్ స్టేషన్ బయట చాయ్ దుకాణంలో నెరిసిన జుట్టు మనిషి ఎదురుగా చెల్లె కూర్చుంది. చొక్కా మీది నూలు పోగు చూస్తే సాంచెల మనిషేనని తెలిసిపోయింది. చాయ్ సాసర్లో పోసుకుని జుర్రుతున్నాడు. అక్కడే ఫెయిల్ చేశాను. నేనూ అలాగే తాగుతాను, అది వేరే సంగతి. నేను ఎదురు పంక్చర్ దుకాణంలో గుజరాతీ పేపరు చదువుతున్నట్టు పట్టుకుని చూస్తున్నాను. నూరు గజాలన్నాను కదా, మధ్యలో ఉన్నది చిన్న సందు. నా కంట్లో శుక్లం.

చెల్లె పెదవులు కదిలాయి. "మీరు మంచోళ్లే. గని నేను రాలేను. నేను లేకుంటే మా అన్నకు ఇంత ముద్ద పెట్టేటోళ్లు లేరు. ఆయనకు చాయ్ గూడ పెట్టరాదు."

నా చేతిలోంచి పేపరు జారిపోయింది. ఇన్నాళ్లూ నేను ఆమెను కాపాడుతున్నానని అనుకున్నాను.

అప్పుడు ఆ మనిషి నావైపు తిరిగి, గొంతు లేకుండా పెదవులతోనే అన్నాడు: "బావా, ఎంతసేపు ఆడ్నే కూసుంటవ్?"

పెళ్లే కాలేదు, అప్పుడే బావ! పెదవులు చదివేటప్పుడు నా పెదవులూ వెంట కదులుతాయి. నేను చెల్లె మాటలు వల్లె వేస్తుండడం మొదటి నుంచీ గమనిస్తున్నాడట. అన్ననని పోల్చుకోవడానికి ఒకే అచ్చులో పోసిన మా అన్నాచెల్లెళ్ల ముక్కులు చాలు.

చెల్లె లేచి నిలబడింది. "ఒట్టేసినవ్ గద అన్నా! జర సిగ్గు లేదా?"

పిడికిలి బిగించి పిడి తోసినట్టు చేశాను. సాంచె నడిపించమనడానికి మా సైగ అది. చిన్నప్పుడు ఆమె కూడా అదే కార్ఖానాలో కండెలు చుట్టింది కాబట్టి, ఆమెకు వేరే చెప్పక్కర్లేదు. "పో. నేను వండుకుంట" అని పెదవులతో అన్నాను.

"నువ్వా!" అని నవ్వింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది.

వాళ్లిద్దరి చేతులూ నేనే కలిపానని బస్తీలో చెప్పుకుంటాను. నిజానికి సందు దాటి వెళ్లి, బావ ఇప్పించిన చాయ్ తాగి, ఆదివారం ఆదివారం కూర పంపాలని షరతు పెట్టాను. అంతే.

ఇప్పుడు ఆమె కిమ్ నుంచి రోజూ వీడియో కాల్ చేస్తుంది.

"ఏం వండినవ్?"

"పప్పు. మస్తుగున్నది."

"ఫోను పొయ్యి దిక్కు తిప్పు."

"సిగ్నల్ లేదే."

"తిప్పు అన్నా!"

తిప్పాను. పొయ్యి మీద నల్లగా మాడిన పప్పు గిన్నె. తెర మీద మా చెల్లె పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. శుక్లం ఉన్నా ఆ తిట్టు స్పష్టంగా చదివాను.